పొడి వాకిలి

గోడ గడియారం మూడు కొట్టింది. ఇంకా గంట. నాలుగింటికి కాకినాడ బస్సు వస్తుంది, బస్సులోంచి కోడలు దిగుతుంది, దిగి పెట్టె చేత్తో పట్టుకుని ఈ సందు మలుపు తిరుగుతుంది, ఈలోగా చెయ్యవలసిందల్లా ఏమీ చెయ్యకుండా కూర్చోవడం, ఇంతోటి పని చేతకాదా నాకు అనుకుంది సత్యవతమ్మ, అనుకుంటూనే అరుగు మీద తన మోకాలి పక్కనున్న ఇత్తడి చెంబు వైపు చూసింది. చెంబు నిండా నీళ్ళు. ఎవరు పెట్టారక్కడ? తనే. తాగడానికని తెచ్చుకుంది. తాగడానికే అయితే అన్నం తిన్న దగ్గర్నుంచీ ఒక్క గుక్కయినా ఎందుకు తాగలేదని అడిగేవాళ్ళు లేరు, కొడుకు ఉమామహేశ్వరం ఆఫీసులో ఉన్నాడు, వీధిలో కాకి కూడా లేదు. వాకిట్లో ఎర్రమట్టి దిబ్బ మీద తంగేడు మొక్క ఒక్కటీ ఉంది, నడుమెత్తున, రోహిణి కార్తె ఎండంతా నెత్తిన పెట్టుకుని. ఆకులు జంటలు జంటలుగా దగ్గరికి ముడుచుకుపోయాయి. అరుగు వైపు కొమ్మ చివర ఒక మొగ్గ ఉంది, పది రోజుల కిందట కందిగింజంత ఉండేది, ఇప్పుడు శనగగింజంత అయి, సందులోంచి పసుపు కనబడుతోంది. ఆ పసుపు చూసినప్పుడల్లా ఆవిడకి భయం, విచ్చుకోకుండానే రాలిపోతుందేమోనని.

"మీకొక్క పని అప్పజెప్పి వెళ్తానండి అత్తయ్యగారూ" అంది మంగతాయారు, తమ్ముడి పెళ్ళికి పుట్టింటికి బయల్దేరుతూ. "దాన్నేమీ చెయ్యకండి. నీళ్ళు పొయ్యొద్దు, ఎరువెయ్యొద్దు, పాదు చెయ్యొద్దు. చూస్తా కూర్చోండి, చాలు." సత్యవతమ్మ నవ్వేసింది. ఆ మాత్రం దానికి ఇంత చెప్పాలా అమ్మాయ్ అంది. ఇంటికి కోడలయి వచ్చిన ఈ నాలుగేళ్ళలో మంగతాయారు తనకి పని చెప్పడం అదే మొదలు, అది కూడా పని కాని పని. వంట చెయ్యమంటే వందమందికి చేస్తుంది, చాపలు అల్లమంటే అల్లుతుంది, అప్పడాలు వత్తమంటే అరుగు నిండా ఎండబెడుతుంది. ఊరికే ఉండమంటే ఎలా ఉండాలో యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో ఎవరూ నేర్పలేదు. మొదటి రోజు తేలిగ్గానే గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం ఆకులు ముడుచుకునే వేళకి కాళ్ళు వాటంతటవే పెరటి నూతి దాకా వెళ్ళి వచ్చాయి. మూడో రోజు నూతి చేంతాడు విప్పి, చుట్టచుట్టి, అటక మీద పడేసింది. ఆ అటక ఎక్కడానికి నిచ్చెన ఎక్కడుందో తనకి తెలుసు, అదే చిక్కు.

ఆకులు ముడుచుకున్నాయంటే చచ్చిపోతున్నట్టు కాదండి, ఎండకి సర్దుకుంటున్నట్టు, అని కూడా చెప్పింది పిల్ల. చెప్పింది, నిజమే అయ్యుంటుంది, అది పుట్టింది పెద్దాపురం అవతల మెట్టలో, అక్కడ చెట్టుకి చేమకి మనిషి చెంబు ఎత్తడం ఎరగరట, దేవుడు పోస్తే తాగుతాయి లేకపోతే ఓర్చుకుంటాయి. తను పుట్టింది అలాంటి చోటా? తాళ్ళరేవు దగ్గర కాలవ గట్టు మీద, లస్కరు గారి పాకలో. నాన్న కాలవ లస్కరు. ఏ తూము తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తాలో, ఏ చేలోకి ఎన్ని గంటలు నీళ్ళు వదలాలో అన్నీ ఆయన చేతిలో ఉండేవి. తలుపు తాళం ఆయన మొలతాడుకి ఉండేది, అది గలగలలాడితే రైతులు గట్టు మీద లేచి నిలబడేవారు. "నీళ్ళడిగిన చేనుకి లేదనకూడదే సత్యవతీ, ఎండిన చేను చూసి అన్నం తినలేం" అనేవాడు. ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలిన రోజు కాలవలో మొదటి నురగ వస్తుంటే పిల్లలందరూ దాని వెంట గట్టు మీద పరిగెత్తేవారు, తను అందరికంటే ముందు, పరికిణీ ఎగదోపుకుని, ఎండిన కాలవ బురద పెళ్ళల మధ్యలోంచి ఆ ఎర్రనీళ్ళు నాలుకలు చాపుతూ వస్తుంటే ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టుండేది. ఇప్పుడూ కాలవలు కట్టేశారు, వేసవి కదా, మళ్ళీ వదిలేది ఎప్పుడో. నూతి నీళ్ళు ఉప్పుదేరాయి. గోదావరి ఇంత దగ్గరున్నా ఈ రోజుల్లో అది సముద్రమే. మంచినీళ్ళ బిందె కోసం ఊరవతల చెరువు దాకా నడవాలి. ఈ చెంబులోవి ఆ నీళ్ళే, పొద్దున్న తెచ్చినవి. తియ్యటి నీళ్ళు. తంగేడుకి ఒక్క చెంబు, ఒక్కటంటే ఒక్కటి, మొదట్లో కూడా కాదు, కాస్త పక్కగా.

లేదు.

చెంబుని ఇంకాస్త అటు జరిపింది. జరిపితే నీళ్ళు తొణికి అరుగు మీద పడ్డాయి, పడ్డ చోట సున్నం గచ్చు చటుక్కున పీల్చేసింది, చూశావా అరుగుకే ఇంత దాహంగా ఉంటే అనిపించింది. మూడూ పదయి ఉంటుంది. బస్సు కాకినాడ ఊరు దాటి రోడ్డెక్కి ఉంటుంది. మంగతాయారు కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది, ఒళ్ళో పెళ్ళివారి సారె మూట, దారి పొడుగునా ఎండిన వరి మళ్ళు చూసుకుంటూ. ఏం ఆలోచిస్తూ ఉంటుంది. అత్తగారు మొక్కని చంపేసిందా లేదా అనేనా? అలా ఆలోచించదు ఆ పిల్ల, దానికి తెలియదు కదా. అదే, దానికి తెలియదు. తెలియకపోవడం వల్లే తను ఈ అరుగు మీద ఇలా కూర్చుని ఉడుకుతోంది. ముందు చచ్చిన మూడు మొక్కల సంగతి తనొక్కదానికే తెలుసు.

మొదటిది పెళ్ళయిన ఏడు. మంగతాయారు పుట్టింటి నుంచి చీర కొంగున నాలుగు గింజలు ముడేసుకుని వచ్చింది. ఇదేమిటే అంటే మా వాకిట్లో ఉంటుందండి అంది సిగ్గుపడుతూ, కరువు వచ్చిన ఏడు ఊళ్ళో పచ్చగా ఏదీ మిగలకపోయినా ఇది పసుప్పచ్చగా పూసేదండి, మా అమ్మ దీన్ని చూసే ఆ ఏడాదంతా ధైర్యంగా ఉండేదండి అంది. గింజని సన్నికల్లు మీద ఇసకతో కాస్త అరగదీసి నాటింది, పెంకు గట్టిది, అలా అరగదీస్తే గానీ మొలవదట. వీధిలో వాళ్ళు నవ్వారు. వాకిట్లో మందారం వేసుకుంటారు, నందివర్ధనం వేసుకుంటారు, పొయ్యిలోకి పుల్లలేరుకునే మొక్కని ఎవరు వేసుకుంటారు అన్నారు. అవేవీ ఇక్కడ బతకలేదు మరి. ఈ వాకిలి నేలే అంత, వేసవి వచ్చేసరికి తెల్లగా ఉప్పు పొక్కుతుంది, సత్యవతమ్మ నాటిన మందారాలు ఎన్ని మాడిపోయాయో లెక్కలేదు. ఇదైనా బతికితే బాగుండుననే తను అనుకుంది, ఒట్టు, మనసారా అనుకుంది. అందుకే కదా మధ్యాహ్నం కోడలు కునుకు తీసినప్పుడల్లా ఓ చెంబు పోసేది. పిల్ల చిన్నది, మెట్ట పిల్ల, మొక్కకి నీళ్ళు పొయ్యాలని తెలియదు పాపం, మనమైనా చూడకపోతే ఎలా. పొద్దున్న కళ్ళాపి చల్లేటప్పుడు రెండు దోసిళ్ళు దానికి. సాయంత్రం కాళ్ళు కడుక్కునేటప్పుడు మిగిలినవి దానికి. జానెడెత్తు లేచి, పసుప్పచ్చగా పాలిపోయి, తల వాల్చేసింది. ఉప్పు నేల కదా, అనుకున్నారందరూ. తనూ అలాగే అనుకుంది.

రెండోది చెక్కుపోస్టుల ఏడు. ఈ యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది, చుట్టూ పోలీసులూ, పర్మిట్టు లేనిదే ఇటు చీమ రాకూడదు అటు చీమ పోకూడదు అన్న రోజులు, ఉల్లిపాయలు తెచ్చుకోవాలన్నా గుండె గొంతులో పెట్టుకునే రోజులు. మంగతాయారు పుట్టింటి నుంచి ఒక గోనెసంచి తెచ్చింది. పోలీసు ఆయన విప్పమన్నాడట. విప్పితే ఎర్రమట్టి. చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికాడట, బంగారం ఉందేమోనని, ఏమీ లేదు, గులకరాళ్ళు. "ఏటమ్మా ఇది" అన్నాడట. "మట్టండి." "మట్టని నాకూ తెలుస్తోందమ్మా. ఎందుకూ అంట." "మా అత్తగారింట్లో మంచి మట్టి లేదండి" అందట ఈ మహాతల్లి. ఆ పోలీసు ఆయన నవ్వాపుకోలేక తనే సంచి భుజాన వేసుకుని బస్సెక్కించాడట. ఇల్లంతా పడీ పడీ నవ్వుకున్నారు ఆ రాత్రి, ఉమామహేశ్వరానికయితే అన్నం పొలమారింది, తనూ నవ్వింది, నవ్వి, మర్నాడు మధ్యాహ్నమే ఆ ఎర్రమట్టి మీద చెంబుడు నీళ్ళు పోసింది. ఎర్రమట్టి నీళ్ళని ఎంత తొందరగా తాగేస్తుందో చూసి, అయ్యో ఎంత దాహమో అనుకుని, ఇంకో చెంబు పోసింది. మూడోది ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎగిరిన చలికాలం నాటింది. అది మోకాలెత్తు ఎదిగింది. ఎదిగిందాకా ఆగి, అదీ చచ్చిపోయింది.

ఆ మూడో మొక్కని మంగతాయారు పీకినప్పుడు తను పక్కనే ఉంది. ఒక్క లాగుకి వచ్చేసింది. వేరు నల్లగా, జిగటగా ఉంది. వాసన. ఆ వాసన లస్కరు కూతురికి తెలియకపోవడమేమిటి. నారుమడిలో నీళ్ళు తియ్యకుండా వారం రోజులు వదిలేస్తే వచ్చే వాసన. నాన్న ఎప్పుడో ఒకసారి, చిన్నప్పుడు, అలాంటి నారు చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టి చూపించాడు, ఇది ఎండి చావలేదే, మునిగి చచ్చింది అన్నాడు. తూము తలుపు దించడం మర్చిపోయిన రోజు అది, ఆయన పొరపాటే, ఆ రైతు ఇంటికెళ్ళి తలొంచుకుని నిలబడి చెప్పొచ్చాడు. తను మాత్రం చెప్పలేదు. చచ్చిన మొక్క చేత్తో పట్టుకుని కోడలు అలాగే నిలబడి ఉంది. ఆ పిల్ల ఏడవలేదు, కోపగించుకోలేదు, మొక్కని దొడ్లోకి తీసుకెళ్ళి జాగ్రత్తగా ఓ మూల పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి అంది కదా, "ఇంకొక్కసారి తెస్తానండి అత్తయ్యగారూ. అది కూడా పోతే ఇంక తేను. ఈ నేలకి నేను పడలేదనుకుంటాను." నేలకి మొక్క పడలేదు అనలేదు. నేను అంది. ఆ మాట ఈ రెండేళ్ళుగా సత్యవతమ్మ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. పడలేదా నువ్వు? నువ్వు వచ్చాకే కదే ఈ ఇంట్లో నవ్వు వినపడ్డది. నువ్వు పడకపోవడం కాదు, నా చెయ్యి నీ మొక్కకి పడలేదు. ఆ ఒక్కసారి తెచ్చిందే ఇప్పుడు వాకిట్లో ఉన్న ఈ నాలుగోది.

చల్లని చెయ్యి అనేవారు ఆయన, ఉమామహేశ్వరం తండ్రి. సత్యవతి చెయ్యి చల్లని చెయ్యి అని అందరితోనూ చెప్పేవారు. మంగళవారం సంతకి ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో జనం వచ్చేవారు, ఆ ఎండల్లో ఆయన తాటాకు పందిరి వేయించి చలివేంద్రం పెట్టేవారు, తను కుండలు కడిగి ఇసకలో పెట్టి, వట్టివేళ్ళు వేసి, మజ్జిగలో కరివేపాకు నలిపి. అడిగినవాడికీ అడగనివాడికీ పోసేది. అలాంటి మనిషికి, అన్ని వందల మందికి నీళ్ళు పోయించిన మనిషికి, చివరికి ఒళ్ళు నీరు పట్టింది. రోజుకి గ్లాసుడు, అంతకి మించి చుక్క పొయ్యొద్దని డాక్టరు చెప్పి వెళ్ళాడు. "సత్యవతీ, కొంచెం." పదకొండు రోజులు ఆ మాటే. తడిగుడ్డ పెదాలకద్దేది. చెంబు గదిలో ఉంటే తన చెయ్యి ఆగదని పెరట్లో పెట్టి వచ్చేది. పన్నెండో రోజు ఆయన అడగలేదు. డాక్టరు చెప్పింది సరైనదే అని అందరూ అన్నారు, పోసి ఉంటే ఇంకా ముందే పోయేవారు అన్నారు. అయి ఉండవచ్చు. కానీ ఆ రోజు నుంచీ దాహంగా ఉన్నదాన్ని దేన్నీ చూడలేకపోయింది తను. వీధి కుక్కకి మూకుడు, కాకులకి చిప్ప, ఎవరి దూడైనా సరే కుడితితొట్టి. ఆ వరసలోనే తంగేడు. తన కళ్ళ ముందు ఒక ప్రాణం ఎండుతూ నిలబడి ఉంటే, ఏమీ చెయ్యకుండా కూర్చోమంటుంది ఈ పిల్ల. ఇంతకు ముందొకసారి కూర్చున్నానే అమ్మాయ్. నీకు తెలియదు, అప్పటికి నువ్వింకా రాలేదు.

గడియారం మూడున్నర కొట్టింది, ఒక్కటే గంట. ఎండ అరుగు అంచు దాకా వచ్చింది. వాకిలి పొడిగా తెల్లగా మెరుస్తోంది, చూస్తుంటేనే కళ్ళు మండుతున్నాయి, తన వాకిలేనా ఇది? కళ్ళాపి పడని వాకిలి. మూడో రోజు పొద్దున్న పేడనీళ్ళ బక్కెట్టు పట్టుకుని మొక్క దాకా వచ్చి ఆగిపోయింది. మంగతాయారయితే మొక్క చుట్టూ అర్ధచంద్రంలా పొడి వదిలేసి మిగతాదంతా చల్లుతుంది, లెక్కగా, ఒక్క చుక్క దిబ్బ మీద పడకుండా. తన చెయ్యి అలా కాదు, తన చెయ్యికి లెక్క తెలియదు, ఒకసారి విసిరితే అటే పోతుంది. అందుకని అసలు చల్లడమే మానేసింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఈ గడప ముందు కళ్ళాపి పడని పొద్దు ఒక్కటే, ఆయన పోయిన రోజు. ఇల్లు మైలపడితే తప్ప ఎవరూ వాకిలి అలా వదలరు కదా. నాలుగో రోజుకల్లా వీధి అంతా వాకబు మొదలుపెట్టింది. పాలావిడ గడప దగ్గరే ఆగి, "ఎవరికేమైందండి" అంది గొంతు తగ్గించి. పక్కింటి ఆగ్నెస్ పరిగెత్తుకొచ్చింది, తలుపు తోసుకుని, "పెళ్ళికెళ్ళిన పిల్లకేమీ కాలేదు కదా వదినగారూ" అని, ఆవిడ కిరస్తానీ మనిషి, కళ్ళాపి చల్లదు, కానీ చల్లకపోతే ఏమిటో పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. ఏమీ కాలేదు, మొక్క కోసం అని చెబితే నమ్మలేదెవరూ. ఈవిడకి మతి గాని పోయిందా అన్నట్టు చూసి వెళ్ళారు. ఉమామహేశ్వరం కూడా, ఆఫీసుకి వెళ్తూ, "అమ్మా, నలుగురూ అడుగుతున్నారే, కాసిని చల్లరాదూ" అన్నాడు. చల్లనురా అంది. నాలుగో రోజు, అయిదో రోజు, ఆరో రోజు. పొడి నేల మీద ముగ్గు నిలవక గాలికి కొట్టుకుపోయేది. అయినా పెట్టింది రోజూ, ఇంట్లో అందరం బాగానే ఉన్నామర్రా అని చెప్పడానికి.

ఏమాటకామాటే, ఆకులు ఇప్పుడు మరీ దగ్గరగా ముడుచుకున్నాయి. కొమ్మ కూడా వంగినట్టుంది. పొద్దున్న అలా వంగి ఉందా? లేదనుకుంటా. మొగ్గ తొడిమ వాడిందా ఏమిటి? సత్యవతమ్మకి తను ఎప్పుడు లేచిందో తెలియదు. చెంబు చేతిలో ఉంది, కాళ్ళ కింద నేల కాలుతోంది, దిబ్బ ముందు నిలబడి ఉంది. పది రోజులు ఆగావు, ఇంకో అరగంటలో అది వచ్చేస్తుంది, వచ్చి ఎండిన మొగ్గ చూస్తే. ఒక చెంబుకి ఏమవుతుంది. అడుగుతోంది కదా, నోరు లేదు గాని అడుగుతోంది, సత్యవతీ కొంచెం అంటోంది. చెంబు వంగింది. అంచుకి వచ్చి నీళ్ళు మెరిశాయి. అప్పుడు చూసింది, చెయ్యి చాచి చూసింది, వేలితో ఆకుల జత ఒకటి విప్పి. లోపల పచ్చగా ఉంది. ఎండ తగలకుండా రెండాకులూ ఒకదానికొకటి అడ్డు పెట్టుకుని, లోపల లేత పచ్చగా, చల్లగా. వేలు తీసేస్తే మళ్ళీ మెల్లిగా దగ్గరికి జరిగాయి. అడగడం లేదు ఇది. ఇది ఎవర్నీ ఏమీ అడగడం లేదు. అడుగుతున్నది తనే ఇన్నాళ్ళూ, ఆ గదిలోంచి, ఆయన గొంతుతో. సత్యవతమ్మ అక్కడే, ఆ ఎండలోనే, చెంబెత్తి నోట్లో పోసుకుంది. గటగటా తాగింది, గడ్డం మీంచి కారకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ. ఆఖరి చుక్క దాకా. అబ్బ, తనకెంత దాహంగా ఉందో ఇప్పుడు గాని తెలియలేదు.

గెలిచాను అనుకుంది. ఎవరి మీద గెలిచిందో చెప్పలేదు గాని, ఒళ్ళంతా తేలికయింది, అరవాలనిపించింది. ఖాళీ చెంబు లోపల బోర్లించి, మొహం తుడుచుకుని, కోడలికి కాఫీ పొడి ఉందో లేదో చూసి, ఆ ఊపులో ఏదో కూనిరాగం కూడా తీసింది, ఎప్పుడో కాలవ గట్టు మీద పాడుకునేది, మాటలు మర్చిపోయింది. నిండా అయిదు నిమిషాలు కాలేదు. వాకిట్లో గాజుల చప్పుడయింది. అరుగు మీదికొచ్చి చూస్తే ఆగ్నెస్. నడుమున ఇత్తడి బిందె, నిండు బిందె, చెరువు నుంచి ఇంత ఎండలో మోసుకొచ్చిన మంచినీళ్ళు, దిబ్బ ముందు వంగి బిందె దించబోతోంది. "మీకు చెయ్యి రాడం లేదని నేనే తెచ్చేనండి వదినగారూ. ఎలా చూస్తన్నారండి అసలు, చచ్చిపోతందది. పాపం కదండీ."

సత్యవతమ్మ అరుగు మీంచి ఎలా దూకిందో, యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు ఎలా ఒప్పుకున్నాయో, మెట్లు తొక్కిన గుర్తు లేదు. బిందె మూతి అప్పటికే ఒరిగింది. రెండు చేతులా అంచు పట్టుకుని లాగింది. "వదిలెయ్ ఆగ్నెసూ." "అయ్యో, చెంబుడేనండి." "చుక్క కూడా వద్దు. వదులు." ఆవిడ ఇటు, ఈవిడ అటు, మధ్యలో బిందె, నీళ్ళు ఊగుతున్నాయి, ఏ వైపు ఒలికినా దిబ్బ మీదే. ఆగ్నెస్ గట్టి మనిషి, మంచి మనసు ఉన్న మనిషి, అలాంటివాళ్ళ చేతిలోంచి బిందె లాక్కోవడం ఎంత కష్టమో సత్యవతమ్మ కంటే ఎవరికి తెలుసు, అచ్చం తన చెయ్యే అది. ఆఖరి బలం తెచ్చుకుని ఒక్క గుంజు గుంజింది. బిందె చేతికొచ్చింది. వచ్చింది సరే, ఇప్పుడేం చెయ్యడం? దించితే ఆవిడ మళ్ళీ ఎత్తుతుంది. గుమ్మం దాకా మోసే ఓపిక లేదు. గబగబా నాలుగడుగులు వెనక్కి వేసి, వాకిలి దాటి వీధిలోకి వచ్చి, బిందె తలకెత్తి, గోదారి పుష్కరాలకి మునిగినట్టు నిండు బిందె నెత్తిన గుమ్మరించుకుంది. ముడి ఊడిపోయింది. చీర ఒంటికి అతుక్కుపోయింది. కాలిన వీధి మీద నీళ్ళు చుయ్యిమన్నాయి. ఆగ్నెస్ నోరు తెరిచి నిలబడిపోయింది, ఇంత దూరం మోసుకొచ్చిన మంచినీళ్ళు, ఏడవాలో తిట్టాలో తెలియక, చివరికి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది. సత్యవతమ్మకీ నవ్వొచ్చింది. ఎన్నేళ్ళయింది ఇలా తడిసి. కాలవలో మొదటి నురగ వెంట పరిగెత్తిన పిల్ల ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది, ఖాళీ బిందె చేత్తో పట్టుకుని.

బస్సు ముందే వచ్చినట్టుంది, మలుపు దగ్గర పెట్టె చేత్తో మంగతాయారు నిలబడి ఉంది.

పిల్ల పెట్టె వీధిలోనే దించింది. తడిసిన అత్తగారిని చూసింది, నవ్వుతున్న ఆగ్నెస్‌ని చూసింది, కళ్ళాపి పడని వాకిలిని గడప దాకా చూసింది, చూసి ఒక్క క్షణం మొహంలో రక్తం లేకుండా పోయింది, ఇంట్లో ఎవరికేమైందోనని. "అందరం బాగున్నామే" అంది సత్యవతమ్మ గబగబా. అప్పుడు మంగతాయారు దిబ్బ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. మొగ్గ వైపు చూడలేదు. చూపుడువేలు మొదట్లో మట్టిలోకి దించింది, రెండో కణుపు దాకా దించి, పైకి తీసింది. వేలికి ఎర్రటి పొడి. ఉఫ్ అని ఊదితే ఎగిరిపోయింది. తల ఎత్తి ఆ పొడి వాకిలి మళ్ళీ చూసింది, ఈసారి మెల్లిగా.

"ముందు మూడూ నేనే చంపానే అమ్మాయ్" అంది సత్యవతమ్మ. నీళ్ళు కళ్ళలోంచి కారుతున్నాయో జుట్టులోంచి కారుతున్నాయో తెలియడం లేదు. "ఉప్పు కాదు, నేల కాదు. నువ్వు నిద్రపోతే నీళ్ళు పోసేదాన్ని. వేరు చూసినప్పుడే తెలిసింది నాకు, చెప్పలేకపోయాను. ఈ నేలకి నువ్వు పడకపోవడమేమిటి. ఇంకెప్పుడూ అనకు ఆ మాట."

ఆగ్నెస్ నవ్వడం ఆపేసింది. వేలికి మిగిలిన ఎర్ర పొడిని బొటనవేలితో రాసుకుంటూ మంగతాయారు అత్తగారి వంక చూసింది, తల నుంచి కాళ్ళ దాకా, తడిసి ముద్దయిన పది రోజుల్ని చూసినట్టు చూసింది. "పది రోజులూ ఏమీ చెయ్యకుండా ఉన్నారా అత్తయ్యగారూ" అంది. "ఎంత కష్టపడ్డారండి."

సత్యవతమ్మ ఖాళీ బిందె నడుముకెత్తుకుంది. ఆయన పోయాక ఆ పదకొండు రోజుల గురించి ఎవరూ తనతో ఆ మాట అనలేదు. అందరూ సరిగ్గా చేశావనే అన్నారు. ఎంత కష్టపడ్డావని ఎవరూ అనలేదు. ఈ మెట్ట పిల్ల, ఆ సంగతి ఏమీ తెలియకుండా, మొక్క మొదట్లో గొంతుకూర్చుని అనేసింది.

"ఇది చూశారా అసలు" అంది మంగతాయారు. మొక్కకి అవతల వైపుకి, వీధి వైపుకి వంగి, ఆకుల్లోకి చెయ్యి పెట్టి, నవ్వింది. "ఎప్పట్నుంచి ఉన్నాయండి ఇవి?" ఏవి? సత్యవతమ్మ పది రోజులూ అరుగు మీంచి ఒక్క మొగ్గనే చూస్తూ కూర్చుంది, దగ్గరికి వెళ్తే చెయ్యి ఆగదని అటు వైపు తిరిగి చూడనే లేదు. ఒక్కంగలో ముందుకొచ్చింది.

"అక్కడే ఆగండత్తయ్యగారూ. చీర కారుతోంది."

ఆగిపోయింది. దిబ్బకి నాలుగడుగుల దూరంలో, వీధిలో, ఖాళీ బిందె నడుమున పెట్టుకుని, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, కదలకుండా నిలబడింది. మంగతాయారు రెండు చేతులతోనూ కొమ్మని పట్టుకుని మెల్లిగా ఆవిడ వైపు తిప్పింది. మూడు పువ్వులు. పొద్దుటే విచ్చుకున్నట్టున్నాయి, ఇంత ఎండా తిని, రెక్కయినా వాడకుండా, పచ్చటి పసుపు.